ఏడో పడక, నాలుగో గడి

రైల్వే గేటు దగ్గర బస్సు ఆగి పావుగంట దాటింది. పక్క సీట్లో మనిషి ఐదోసారి టైమడిగాడు.

“నాలుగుంపావు,” అన్నాను. “రైలేమైనా అందుకోవాలా?”

“లేదండీ. ఆరింటికి ఒక ఇంజక్షనుంది.”

“మీకా?”

“నాకైతే బాగుండును.”

అరవై దాటినవాడు. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. దాని మీద అరచేతి చెమట మరకలు.

దారిలో దొరికిన మనుషుల్ని కదిలించడం నాకు పాత జబ్బు. కదిలిస్తే కథంతా వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి రికార్డు గదిలో కేసు షీట్లు సర్దాడట. రిటైరై ఇంట్లో కూర్చుని మనవరాలి హోంవర్కులో తప్పులు ఏరుతుంటే, “నాన్నా, నీకు పుణ్యముంటుంది, ఏదో ఒక ఉద్యోగం చూసుకో” అని కూతురు దండం పెట్టిందట. అప్పుడే వైద్య కళాశాల ప్రొఫెసరమ్మ పిలిచింది.

ఆవిడది ఒక పరిశోధన. డ్యూటీ మారేటప్పుడు దిగే డాక్టరు ఎక్కే డాక్టరుకి రోగుల సంగతులు అప్పజెబుతాడు. ఆ అప్పగింతలో ఏవి జారిపోతున్నాయో తేలితే, విద్యార్థులకు అప్పజెప్పడం కూడా ఒక పాఠంగా నేర్పొచ్చు. ఓడల్లో కాపలా మారేటప్పుడు దిగేవాడు చెప్పిన దిక్కుని ఎక్కేవాడు తిరిగి పైకి చెప్పాలని ఎక్కడో చదివాను. అదే అన్నాను.

“మా మేడమూ అదే తేవాలంటారు. ముందు లెక్క కావాలి కదా.”

లెక్కంటే, రోగికి పది గడులు. చెబితే టిక్కు, చెప్పకపోతే సున్నా. ఈయన గోడకానుకుని రాసుకోవాలి, నోరు మెదపకూడదు. మెదిపితే వాళ్లు జాగ్రత్తపడతారు, లెక్క చెడుతుంది. వార్డులో ఈయన పేరే గోడ బాబాయ్. మొదటి నెలలో ఒకసారి ఉండబట్టలేక ఒక డాక్టరుకి మాట అందించాడట. “అక్కడికే వస్తున్నా బాబాయ్, తొందరపడకు” అన్నాడా డాక్టరు. అందరూ నవ్వారు. ఆ రోజు కాగితాలు చెత్తబుట్టకెళ్లాయి.

“ఇవాళ రెండింటికి,” గొంతు తగ్గించాడు, “ఏడో పడక. నాలుగో గడి పడని మందులది. డ్యూటీ దిగే పిల్ల డాక్టరు పదకొండు మందిని అప్పజెప్పింది, పొద్దున్నించీ ఏమీ తినలేదు పాపం. అది చెప్పలేదు. నేను సున్నా పెట్టాను. గుండ్రంగా, చక్కగా పెట్టానండీ.”

ఫైలు తెరిచాడు. “బస్సెక్కి మొత్తాలు వేస్తుంటే నిన్నటి కాగితం పక్కన పడింది. నిన్న చెప్పారు, ఫలానా మందు పడదు, పోయినసారి గొంతు వాచిందని. ఇవాళ ఆరింటికి ఇవ్వమన్నది ఆ మందే.”

“వింటూనే తట్టలేదా?”

“చెప్పారా, చెప్పలేదా, అదే వింటున్నానండీ మూడు నెలల్నించి. ఏం చెప్పారో వినడం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు.”

“కేసు షీటులో ఉంటుందిగా?”

“పోయినసారిది దొరకలేదట. కొత్తదాన్లో ఆ చోటు ఖాళీ.”

“ముందు కొంచెం ఎక్కించి చూస్తారు కదా?”

“చూడాలి. చూసినట్టు ముందే సంతకం పెట్టేసిన రోజులూ చూశాను.”

“రోగిని అడిగితే చెప్పరా?”

“జ్వరంలో పలవరిస్తోంది. నన్ను పట్టుకుని, అన్నయ్యా, మీ బావ రాలేదా అంటోంది.”

వార్డుకి మళ్లీ ఫోను కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. ప్రొఫెసరమ్మది క్లాసులో కట్టేసి ఉంది.

“ప్రాణం మీదికొస్తే చెప్పమని అనలేదా ఆవిడ?”

“అన్నారు. వచ్చిందో లేదో తేల్చడానికి నేను డాక్టర్నా?” పెదాలు తడుపుకున్నాడు. “నాది పొరపాటైతే మూడు నెలల లెక్క గంగపాలు, వార్డంతా మళ్లీ నవ్వు. కాకపోతే...”

గేటు లేచింది. బస్సు కదిలింది, ఆసుపత్రికి ఇంకా దూరంగా. ఆయన ఒక్క ఉదుటున లేచాడు.

“ఆపండి!”

“ఇది స్టాపు కాదు పెద్దాయనా,” అన్నాడు కండక్టరు.

“ఆపవయ్యా బాబూ!”

ఆ కేకకి డ్రైవరు బ్రేకు నొక్కాడు. ఫైలు చంకలో, ఫోను చెవి దగ్గర పెట్టుకుని దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఎదురు వరసలో లారీల మధ్య నుంచి వెనక్కి, ఆసుపత్రి వైపు నడుస్తున్నాడు, నడక పరుగవుతోంది. “ఎత్తు తల్లీ, ఎత్తు” అనడం వినపడింది. నావైపు తిరిగి కూడా చూడలేదు.