చేతులతో చెప్పిన సినిమా పేర్లు

మా మామ పోయి నెల దాటింది. కరీంనగర్ దవాఖానాలో, పొద్దున నర్సుల డ్యూటీ మారే వేళకు పోయారు. ఆ రోజంతా మా ఇంటాయన ఫోన్లో అందరికీ ఒకటే మాట చెప్పాడు: "బాపు పోయిండు. ఆఖరి దాక వేళ్లు ఆడుతనే ఉన్నయి." అవతలివాళ్లూ అందరూ ఒకటే మాట అన్నారు: "పోగులు అతుకుకుంట పోయిండన్నట్టు."

మా నేతవాళ్లలో అదొక మాట. పోయేముందు మనిషి వేళ్లు కదిలితే తెగిన పోగులు అతుకుతున్నాడంటారు. బతుకంతా చేసిన పని ఆఖరున చేతులకు యాదికొస్తుందట. వినడానికి బాగానే ఉంటుంది, కానీ మా మామ విషయంలో అది శుద్ధ తప్పు. ఆయన పోగులు అతకలేదు. ఆ ఆఖరి రోజు ఆయన చెప్పినవి పాత హిందీ సినిమాల పేర్లు. అప్పటికి ఆ సంగతి తెలిసినదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే. చుట్టాల్లో నాకు నోరుగల్ల కోడలని పేరుంది. ఆ నోరు ఈ ఒక్కసారి ఆయన పక్షాన పనికొస్తే చాలు.

సాంచాల కార్ఖానా చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సాంచాలంటే మరమగ్గాలు. ఒక్క రేకుల షెడ్డులో ఇరవై సాంచాలు ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే అక్కడ అన్నిటికీ సైగలే. దారం కండె అయిపోయిందనడానికి ఒకటి, చాయ్ వచ్చిందనడానికి ఒకటి, సేటు వస్తున్నాడనడానికి ఇంకొకటి. మామ వయసులో ఉన్నప్పుడు మా ఊరి చాలామందిలాగే భీవండి పోయి సాంచాలు నడిపారు. అక్కడ ఎదురు సాంచ మీద ఉన్నాయనది ఎక్కడో ఉత్తరాది ఊరు. మామకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు, వచ్చినా ఆ మోతలో లాభం లేదు. ఇద్దరికీ తెలిసినవి సెలవు రోజున చూసిన సినిమాలే. వాటి పేర్లు చేతులతో చెప్పుకోవడం అట్లా మొదలైంది. మామకు హిందీ తర్వాతెప్పుడో వచ్చింది. సినిమా పేర్లు ముందొచ్చాయి.

అది మెల్లగా ఒక ఆట అయింది. ఒకరు చేత్తో సినిమా పేరు చెప్పాలి. ఎదుటివాళ్లు అందులోని పాట పల్లవిని పెదవులతో పాడి చూపించాలి, గొంతు అక్కర్లేదు. చూపించగలిగితే అడిగినవాడు ఓడినట్టు, చాయ్ తాపాలి. మామ భీవండి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ ఆటను కూడా వెంట తెచ్చి మా కార్ఖానాలో ఎదురు సాంచ నడిపే కాకకు నేర్పారు. ఆ పేర్లు ఇక్కడ రాయను. మామ వాటిని నోటితో అనగా నేను ఒక్కసారీ వినలేదు. ఆయన చేతుల్లో ఉంచుకున్నవాటిని నేను కాగితం మీద పెట్టడం నాకే ఇష్టం లేదు.

ఆట తేలికేం కాదు. గుండె మీద చెయ్యి వేస్తే ఒక సినిమా కాదు, పదకొండు. కన్నీళ్లకు ఆరు, దారికి అయిదు. ఆ కాలం వాళ్లకు గుండె, కన్నీళ్లు, దారి, చందమామ తప్ప వేరే పేర్లే దొరకలేదా అని నాకు కోపం వచ్చేది. అందుకని గుండె తర్వాత ఇంకో సైగ కలపాలి. హీరో టోపీ పెడతాడా, రైలెక్కి పాడతాడా, ఆఖరున చచ్చిపోతాడా. కాక ఎప్పుడూ చచ్చిపోయే సినిమాలే అడిగేవాడు. మామకు అవి పడేవి కావు.

నేను మెట్‌పల్లి నుంచి కోడలుగా వచ్చాను. మా బాపు దర్జీ. దుకాణంలో పొద్దంతా రేడియో మోగేది, నేను కుట్టుమిషను పక్కన కూర్చుని హిందీ పాటలు వింటూ పెరిగాను. ఇక్కడికొచ్చాక మామ ముందు లేచి నిలబడాలి, కొంగు నిండుగా కప్పుకోవాలి, ఎదురుగా మాట్లాడకూడదు. నా పని కార్ఖానా మూలన కూర్చుని కండెలు చుట్టడం. కండెలు చుడుతూ వాళ్ల చేతులు చూసేదాన్ని. మొదట్లో ఏ మంత్రాలో అనుకున్నాను. ఓ నెలకు అర్థమైంది. అర్థమైంది కానీ నాకేం హక్కుందని ఊరుకున్నాను.

ఒకరోజు మామ ఏదో పేరు చూపించారు. కాక తల గోక్కుంటున్నాడు, బిక్కమొహం వేశాడు. నాకేమో పల్లవి నాలుక చివరనే ఉంది. ఆపుకోలేక మూల నుంచే పెదవులు ఆడించేశాను. సరిగ్గా అప్పుడే మామ నా వైపు చూశారు, చూసి వెంటనే మొహం తిప్పుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొత్త కోడలు మామ ముందు ప్రేమపాట పాడిందంటే ఇంకేమైనా ఉందా! సాయంత్రం నేను వంటింట్లో తలుపు చాటున నిలబడి వింటున్నాను. మామ కాళ్లు కడుక్కుని వచ్చి అత్తమ్మతో అన్నారు:

"గా పిల్లకు చాయ్ పొయ్యి. పెద్ద గిలాసల పొయ్యి."

"గిప్పుడేం చాయ్? అన్నం యాళ్లయింది."

"నేను ఓడిపోయిన."

అత్తమ్మకు ఏమీ అర్థం కాలేదు. "గీయినకేం బుట్టింది" అని గొణుక్కుంటూనే చాయ్ పోసిచ్చింది. ఆ చాయ్ తాగుతుంటే ఈ ఇంట్లో నేను బతకగలననిపించింది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ సైగల్లోనే. ఇంట్లో మాత్రం "తిన్నవా బిడ్డా" అంటే "తిన్న మామా", అంతే. మా బాపు పోయినప్పుడు పదకొండు రోజులు మెట్‌పల్లిలో ఉండి తిరిగొచ్చాను. వచ్చి కండెల ముందు కూర్చున్నానే గానీ చెయ్యి ఆడలేదు. అందరూ పలకరించారు, ధైర్యం చెప్పారు. మామ ఏమీ చెప్పలేదు. భుజం మీది తువ్వాల తీసి తల మీద ముసుగులా వేసుకుని, రెండు సాంచాల నడుమ ఆడదానిలా వయ్యారంగా నాలుగడుగులు నడిచారు. హీరో ఆడవేషం వేసే ఒక నవ్వుల సినిమా అది. అరవై దగ్గరపడ్డ మనిషి, అందరూ చూస్తుండగా. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. సాంచాల మోతలో ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదు కాబట్టి కడుపునిండా ఏడ్చాను. పాట పల్లవి మాత్రం ఎగ్గొట్టలేదు.

ఆయనకు సినిమాలో అన్నిటికంటే ముఖ్యం మొదట పేర్లు పడటం. టీవీలో పాత సినిమా వస్తుందంటే పావుగంట ముందే వచ్చి కూర్చునేవారు. సినిమా పేరు పడేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత రెండు పాటలయ్యాక లేచి పోయినా పోయేవారు. "పేరు సూశిన గద. కథ నాకు ఎర్కే" అనేవారు.

సాంచాలు తిండి పెడతాయి, చెవులు తీసుకుంటాయి. అరవై దాటాక మామకు మెల్లగా వినపడకుండా పోయింది. మా ఇంటాయన హైదరాబాద్ నుంచి చెవి మిషను తెచ్చాడు. రెండు రోజులు పెట్టుకుని బీరువాలో పడేశారు. "ఇంట్ల గిన్నెల సప్పుడు గింతుంటదా! మీరెట్ల బతుకుతుండ్రే" అన్నారు. తర్వాత టీవీ ముందు కూర్చుంటే బొమ్మను చూసి పాట ఆయనే అందుకునేవారు, గట్టిగా, శ్రుతి తప్పి, బొమ్మ కంటే ఒక లైను వెనక. ఇంటికొచ్చినవాళ్లు నవ్వు ఆపుకునేవాళ్లు. మా ఇంటాయన కూడా ఒకరోజు నవ్వాడు. నవ్వినోళ్లకు ఈ పూట అన్నం లేదన్నాను, నిజంగానే పెట్టలేదు.

చెవులు పోయాక కూడా కొన్నేళ్లు కార్ఖానాకు వచ్చారు. ఏ సాంచ అయినా మొరాయిస్తే ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. వచ్చి సాంచ పక్క చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవారు. కాసేపాగి ఎక్కడ వదులైందో వేలు పెట్టి చూపించేవారు. చెవులు లేకుండా ఎట్లా తెలుస్తుందని ఒకసారి కాక పలక మీద రాసి అడిగితే అన్నారు: "సాంచ చెవులకు అబద్ధం చెప్తది గని అరచేతికి చెప్పది." ఆ మాట నేను అప్పుడు విని ఊరుకున్నాను.

ఇక దవాఖానా సంగతి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి వారం రోజులున్నారు. ముక్కుకు పైపు పెట్టారు. రెండుసార్లు పైపు గుంజేసుకున్నారని మణికట్లకు గుడ్డ చుట్టి మంచానికి కట్టారు. నర్సు తప్పేమీ లేదు, మంచి పిల్ల, కట్టేటప్పుడు కింద దూది కూడా పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీసుకుని వెళ్లేసరికి అత్తమ్మ మంచం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"మీ మామ పోగులు అతుకుతుండు బిడ్డా. ఇగ ఎక్కువ లేదు."

చూశాను. మణికట్టు కట్టేసి ఉంది కాబట్టి వేళ్లే కదులుతున్నాయి. నిజమే, చూసేవాళ్లకు పోగు అతికినట్టే ఉంటుంది. కానీ పోగు అతకడానికి బొటనవేలు కావాలి. ఆయన ఆడిస్తున్నది చూపుడు వేలు, గుండ్రంగా తిప్పుతున్నారు. ఏడ్చేదాన్నల్లా ఆగిపోయాను. ఆయన మతి ఎటూ పోలేదు. చేతులు కట్టేసి ఆయన నోరు మూశాం మేం.

"సిస్టర్, కుడిచెయ్యి జర ఇప్పుండ్రి" అన్నాను.

"ఇప్పితే పైపు గుంజుకుంటడమ్మా. డాక్టర్ సాబ్ నన్నంటడు."

"ఆయిన మాట్లాడుతుండు. నేను పక్కకే ఉంట. గుంజితే నన్ను అనుండ్రి."

నర్సు నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, ఏమనుకుందో ఏమో, విప్పింది. మామ పైపు జోలికి పోలేదు. చెయ్యి ఎత్తి ముందు గుండె మీద వేసి, తల మీద టోపీ చూపించారు. నేను మంచం మీదికి వంగి, ఎప్పట్లాగే పెదవులతో పల్లవి చూపించాను. తల ఊపారు. తర్వాత రైలు. అదీ చూపించాను. మూడోది చందమామ. చూపుడు వేలు మొహం చుట్టూ ఒకసారి తిప్పి ఆకాశం వైపు ఎత్తడం. పల్లవి చూపించాను. తల అడ్డంగా ఊపారు. తప్పేమో అనుకుని మళ్లీ చూపించాను. కాదన్నారు. చెయ్యి మెల్లగా ఎత్తి నా తల మీద పెట్టారు.

దీవిస్తున్నారనుకుని కళ్లు మూసుకున్నాను. చెయ్యి తియ్యలేదు. తల మీద అరచెయ్యి సాపుగా, గట్టిగా ఆనించి ఎదురుచూస్తున్నారు. సాంచ మీద పెట్టినట్టు పెట్టారు. అప్పుడు తెలిసింది. ఆయనకు పెదవులు చాలలేదు. ఇన్నేళ్లలో పాటగా ఒక్కసారీ వినని నా గొంతును ఆయన వినాలనుకున్నారు.

వార్డులో పదిమంది ఉన్నారు. మామ ముందు గొంతెత్తని కోడల్ని. నా గొంతేం గొప్పది కాదు, గిన్నెలు తోమేటప్పుడు కూడా ఎవరూ మెచ్చుకోలేదు. అయినా పాడాను. రెండో లైనుకు పక్క మంచం ముసలాయన ఇటు తిరిగాడు. నర్సు సెలైన్ బాటిలు పట్టుకుని అట్లాగే నిలబడింది. చరణంలో ఒకచోట రాగం తప్పాను, వెంటనే ఆయన వేలు నా పాపిట మీద ఒకసారి తట్టింది. అక్కడే వదులైందన్నట్టు. సరిచేసుకుని మళ్లీ పాడాను. పాట అయిపోయేసరికి ఆయన కళ్లు మూసి ఉన్నాయి, మొహం తేటగా ఉంది. చెయ్యి మాత్రం తీయలేదు. నేనే మెల్లగా తీసి మంచం మీద పెట్టాను. ఆ చెయ్యి మళ్లీ కట్టనివ్వలేదు నేను. తెల్లారి పోయారు.

దినాలయ్యి చుట్టాలంతా పోయాక ఒక సాయంత్రం అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"దవాఖానల నీతోని ఏమేం జెప్పిండో నాకు చూపియ్యి. నా చెవులు మంచిగనే ఉన్నయి గని గా చేతుల ముచ్చట నాకెవ్వలు నేర్పలే."

గుండె, టోపీ చూపించాను. ఊఁ అంది. రైలు చూపించాను. చిన్నగా నవ్వింది. మూడోది, వేలు మొహం చుట్టూ తిప్పి పైకెత్తగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గిది గూడ సినిమనేనా?"

"అవునత్తమ్మా. చందమామ సినిమ. పెండ్లాం మొఖం జూసుకుంట మొగడు పాడుతడు."

అత్తమ్మ గేటు వైపు చూసింది.

"గిది రోజు జేసేటోడు" అంది. "కార్ఖానకు పోయేటప్పుడు గేటు కాడ నిలవడి, నా దిక్కు మళ్లి గిట్లనే జేసేటోడు. ఈగలు కొట్టుకుంటుండనుకున్న. ఒకపారి కసిరిన గూడ. ఈగలు లేకున్నా ఏం కొట్టుకుంటవయ్యా అని."

"మామ ఏమన్నడు?"

"నవ్విండు. నవ్వుకుంట పోయిండు."

ఇద్దరం ఏడ్చాం. అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. దవాఖానాలో మామ ఆ మూడో పేరు చూపించినప్పుడు అత్తమ్మ సరిగ్గా నా వెనకే నిలబడి ఉంది. నేను మంచం మీదికి వంగి అడ్డం ఉన్నాను. ఆ మాట అత్తమ్మతో చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను. "ఊకో బిడ్డా, పాట ఇన్న గద" అంది. ఆ పాట మళ్లీ పాడమంది. పాడాను, గొంతెత్తే పాడాను.

ఇప్పుడు రోజూ పొద్దున అత్తమ్మ మామ ఫోటో ముందు అగరుబత్తి ముట్టిస్తుంది. ముట్టించి, చూపుడు వేలు మొహం చుట్టూ ఒకసారి తిప్పి పైకి ఎత్తుతుంది. మామ కుడి నుంచి ఎడమకు తిప్పేవారు, ఈమె ఎడమ నుంచి కుడికి తిప్పుతుంది. సరిచేద్దామని ఒకరోజు దగ్గరికి వెళ్లి ఆగిపోయాను. ఇన్నేళ్లూ ఆమె దాన్ని గేటుకు ఇవతల, ఆయనకు ఎదురుగా నిలబడి చూసింది. అట్లాగే వచ్చింది.