పట్టీ పైన ఉబ్బు

నంద్యాలలో తుపాకులు రిపేరు చేసే మా మేస్త్రి పోయిన ఆదివారం చర్చిలో ప్రార్థనకు కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్నుమూశాడు. కబురు తెలియగానే నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆయనను నిలదీయాలని ఆరేళ్లుగా దాచుకున్న మాటలన్నీ నాకే మిగిలిపోయాయి.

ఆయన దగ్గర నాలుగేళ్లు పని నేర్చుకున్నాను. షూటింగ్ క్లబ్బు వాళ్లు కాల్చేసిన ఖాళీ తూటాలను మళ్లీ వాడుకునేలా సరిచేసేవాళ్లం. పెద్ద రైఫిలు తూటాకు అడుగున ఇత్తడి పట్టీ ఉంటుంది. కాల్చినప్పుడు సరిగ్గా ఆ పట్టీ పైన ఉబ్బుతుంది. తూటాను నొక్కి సరిచేసే మామూలు అచ్చు అంత కిందికి దిగదు. అందుకని ఆ ఉబ్బు నొక్కేందుకు ఆయన లేతు మిషను మీద ఒక ఉక్కు రింగు తానే చేసుకున్నాడు.

"మెడ నున్నగుంటే మురిసిపోవద్దప్పా. ముందు పట్టీ కాడ తడిమి చూడు. ఆడ ఉబ్బుంటే తుపాకి లోపల ఇరుక్కుంటాది," అనేవాడు. కళ్లజోడు ఉన్నా బొటనవేలినే నమ్మేవాడు. టీ గ్లాసు పట్టుకున్నా ఆ వేలు అంచు చుట్టూ తిరిగేది.

క్లబ్బులో తప్ప, మా వైపు ఇళ్లల్లో అట్లాంటి రైఫిళ్లు రెండే. ఒకటి మా ఇంట్లో, ఒకటి ఆళ్లగడ్డలో మా అన్నను చంపినవాడి ఇంట్లో. పొలానికి పోయే దారి తగాదాలో చంపాడు. సాక్షులు నోరు విప్పలేదు, కేసు కొట్టేశారు. నేను పది ఖాళీ తూటాలు తెచ్చి మేస్త్రి ముందు పెట్టాను.

"దేనికప్పా?"

"అడవి పందులు చేను తింటాండాయి."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. "సరే, రేపు రా," అన్నాడు.

మరుసటి రోజు ఆయన మందూ గుండూ నింపి ఇచ్చినవి తడమకుండానే జేబులో వేసుకున్నాను. ఆయన చేతి పనిలో చూసేదేముంది అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం చాగలమర్రి రోడ్డు పక్క కంది చేలో కూర్చున్నాను. మా అన్నను చంపినవాడు ముప్పై గజాల దూరంలో నడిచొస్తుంటే నా రైఫిలు బోల్టు మూసుకోలేదు. తూటా సగంలో బిగుసుకుంది. వాడు రోడ్డు పక్కన ఆపిన బండెక్కి వెళ్లిపోయాడు.

నేరుగా అంగడికి వచ్చి, "ఏందప్పా ఇట్ల చేస్తివి?" అని అరిచాను.

"తెలిసే ఆ ఉబ్బు వదిలేసినా. నీకు పని నేర్పింది జైల్లో కూర్చోబెట్టేకి కాదు."

మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఈరోజు ఇంట్లో, పిల్లల మధ్య కూర్చుని మీకోసం ఇది రాస్తున్నానంటే ఆయన చలవే. అయినా ఆయనను క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. ఇక మా అన్నను చంపినవాడిని క్షమించడమన్న మాటే అనుకోలేను.

సమాధి దగ్గర మట్టి వేయబోతే ఎదురుగా వాడే నిలబడి ఉన్నాడు. నా చేయి జేబులోకి పోయింది. ఆ పదింటిలో ఒకటి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. వాడు నన్ను చూసి పిడికిలి విప్పాడు. అందులోనూ అట్లాంటి తూటానే.

"నిన్ను కాల్చేకి ఈ మేస్త్రితోనే చేయించుకున్యా. ఒగటీ లోపలికి పోలే," అన్నాడు.

దాన్ని శవపేటిక మీద వేసి, గుప్పెడు మట్టి కప్పి, పక్కకు జరిగి నా వంక చూశాడు.

నేనూ మట్టి వేశాను. జేబులోని తూటా మాత్రం తీయలేదు. నా బొటనవేలు పట్టీ పైన ఆ ఉబ్బు మీదే తిరుగుతూ ఉండిపోయింది.