గీకకూడని గోడ

2023 జూన్. బడులు తెరిచిన కొత్త. విజయనగరంలో ఒక పాత బాలికల హైస్కూలుకి నన్ను పంపారు. నేను ఇంజనీరింగు శాఖలో ఏఈని, అంటే సర్కారు గోడలకు నాడి చూసే వైద్యుణ్ణి. రోగి ఆ బడిలోని పెద్ద హాలు.

బడి వయసెంతో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఊళ్లో ఏ ముసలమ్మను కదిపినా "మా యమ్మ సదివింది ఆడే" అంటుంది. ఆ అమ్మను లేపి అడిగినా అదే మాట వస్తుందని నా నమ్మకం. హాలు ఎత్తు గురించి ఒక్క మాట చెబుతాను. దూలం మీది పిచ్చుక జారవిడిచిన గడ్డిపోచ నేల చేరేసరికి లెక్కల పీరియడు అయిపోయి సోషలు మొదలవుతుంది. తడికలు అడ్డం పెట్టి ఆ ఒక్క హాల్లోనే నాలుగు తరగతులు నడుపుతున్నారు. ఒక తరగతిలో అశోకుడు యుద్ధం మానేస్తుంటే, పక్క తరగతిలో కప్పను కోస్తుంటారు.

కిటికీ మీద నుంచి గోడకు ఒక బీట దిగింది. అది ప్రమాదమని నేను రాస్తే హాలుకు తాళం పడుతుంది. హాలు లేకపోతే గదులు చాలవు. బడిని ఊరి అవతలి చివర ఉన్న ఇంకో బడిలో కలిపేస్తారు. సోమవారానికి నా రిపోర్టు అందాలి.

ఇలాంటి బీటలకు మా దగ్గర టెల్‌టేల్ అనే ఉపాయం ఉంది. బీటకు అడ్డంగా పల్చటి గాజుపలక అంటిస్తాం. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. అంటించే ముందు పైనున్న సున్నం గీకేసి ఇటుక దాకా వెళ్లాలి. నేను సంచీలోంచి గీకుడు రేకు తీశాను.

"అది లోపల పెట్టండి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ అప్పలనర్సమ్మ గారు. ఆవిడ చూపుకి ఘాట్ రోడ్డు దిగే లారీ కూడా ఆగుతుంది. నేనెంత.

విషయమేమిటంటే, ఏటా పదో తరగతి పిల్లలు బడి విడిచి వెళ్లేముందు ఆ గోడకు తమ చేత్తో సున్నం వేస్తారు. పాత పూతను గీకడం మాత్రం నిషేధం. అది అక్కల చెయ్యి. దాని మీదే చెల్లెళ్లు వేయాలి.

"మా అమ్మ వేసిన పూత అందులో ఉంది. నేను వేసిందీ ఉంది," అన్నారావిడ. "ఇదిగో, ఈ సింహాచలానిదీ ఉంది."

సింహాచలం ఆ బడి అటెండరు. "నా పూతలో నీలిమందెక్కువైపోనాది బాబూ," అంది. "మా బేచీని ఇప్పటికీ నీలం బేచీ అనే ఏడిపిత్తారు."

కాంట్రాక్టర్లతో అరిచి అరిచి గొంతు అరగదీసుకున్నవాణ్ణి, ఆ ఇద్దరి ముందు వెన్నలా కరిగిపోయాను. గాజును సున్నం మీదే అంటించి వచ్చాను.

మర్నాడు వెళ్లేసరికి గాజు పగిలి ఉంది. ఇంకోటి అంటించాను. మధ్యాహ్న భోజనం గంట కొట్టేలోపే అదీ పోయింది. ఇక నాకు కుదురు లేదు. ఆఫీసులో కూర్చుంటే కుడికాలు దానంతటదే ఆడేది. ఆ ఊపుకి పక్క టేబులు మీద గుమాస్తాగారి టీ తొణికేది. గంటకోసారి ఏదో వంకన స్కూటరెక్కి బడికి పోయేవాణ్ణి. గేటు దగ్గర పిల్లలు "గోడ సారొచ్చీసారే" అని చాటింపు వేసేవాళ్లు.

ఆ గోడ పక్కనే కూర్చునే గౌరి తొమ్మిదో తరగతి. రామతీర్థం దగ్గర నుంచి బస్సులో వస్తుంది.

"గాజెందుకిరిగింది సార్? మీరు సరిగ్గా అంటించనేదా?"

"గోడ కదిలిందమ్మా."

"నాను రోజూ దానికి జేరబడే కూసుంతాను. నాకేటీ తెలీనేదు మరి." మళ్లీ గోడకు చేరబడి అడిగింది. "ఆ సివరి బడికి పొమ్మంతారా సార్? రెండు బస్సులు మారాలంటే మా నాన పంపడు. కుట్టుమిషను సూసొచ్చీసాడు కూడా."

ఆ మిషను చప్పుడు నా చెవిలో టకటకలాడుతూనే ఉంది.

శనివారం ఉదయం వాన. మూడో గాజు ఈసారి పగల్లేదు, ఏకంగా ఊడి నేల మీద పడింది. తీసి చూస్తే దాని వెనక జొన్నరొట్టెంత మందాన సున్నం పెచ్చు. అంచున తెలుపు, పసుపు, నీలం, మళ్లీ తెలుపు, మడత కాజాలా పొరలు. సుత్తి తీసి గోడను తట్టాను. దీన్ని సౌండింగ్ అంటాం. డొల్లగా మోగింది, కానీ ఆ డొల్ల చాలా పైపైనే ఉంది. నా గాజులు ఇన్నాళ్లూ కాపలా కాసింది గోడకు కాదు, పూతకు.

హెడ్‌మిస్ట్రెస్ గారితో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "కదులుతున్నది పూతేనా, లోపల గోడ కూడానా, నాకు తెలీదు. గీకితేనే తెలుస్తుంది. గీకకపోతే గాజు చెప్పిందే రాయాలి."

"గీకాక గోడ కూడా పాడైందని తేలితే?"

"పూతా, హాలూ రెండూ పోతాయండీ."

ఆవిడ వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించారు. పిల్లలు తడికల మీంచి తలలు పెట్టారు. తర్వాత కొంగు నడుముకు దోపుకుని నా చేతిలోంచి రేకు లాక్కున్నారు.

"ఒసే సింహాచలం, నీ నీలం పోతాదే."

"పోనీండమ్మా. అదో దరిద్రపు నీలం," అంటూనే సింహాచలం కళ్లు తుడుచుకుంది.

పొర తర్వాత పొర రాలింది. ఆవిడ జుట్టు, కళ్లద్దాలు, కనుబొమలు అన్నీ తెల్లబడ్డాయి. బీట పొరల్లోనే సన్నబడుతూ, ఇటుక చేరకముందే మాయమైంది. కింద ఎర్రటి ఇటుక, ఇటుకల సందుల్లో చెక్కుచెదరని దర్జు. తట్టాను. ఖణేల్మంది. ఆ మోతకి నా కుడికాలు ఆగిపోయింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం బెంచీ మీద కూలబడి, పాదాల దగ్గరి పెచ్చుల్ని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నారు.

"మా అమ్మది ఏ రంగో నేను సూడనే లేదు," అన్నారు.

హాలు క్షేమమని రాసిచ్చాను. మిగతా పెచ్చులు పిల్లల మీద పడకుండా, దసరాలోగా గోడంతా బడివాళ్లే గీకేశారు. ఆ ఏడు పదో తరగతి వాళ్లు ఉత్త ఇటుక మీద మొదటి పూత వేశారు.

అప్పటి నుంచి ఏ పాత కట్టడానికి వెళ్లినా, సుత్తి తీసేముందు ఇక్కడ ఏది ముట్టుకోకూడదో అడుగుతాను. చూడాల్సింది సాధారణంగా అక్కడే ఉంటుంది. అయితే గీకే రేకు మాత్రం నా చేత్తో పట్టను. అది ఆ చోటివాళ్లకే చాపి, వాళ్లు లేచి అందుకునేదాకా పక్కన నిలబడతాను.