గాజు గడప

ప్రాగ్‌కు దూరంగా, సరిహద్దు పక్కనున్న ఒల్షీనాలో గాజు ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది బ్లజెనాకు నలభై రెండేళ్ళు. పదిహేనో ఏట నుంచీ అక్కడే సానచక్రం ముందు కూర్చుని గ్లాసుల మీద నక్షత్రాలూ ద్రాక్షతీగలూ చెక్కిన మనిషి. చక్రం మీద పడే చన్నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు చలికాలం వస్తే సరిగా ముడుచుకునేవి కావు. అదే ఫ్యాక్టరీలో పనిచేసిన భర్త అప్పటికే పోయాడు. కూతురు రదానాకు ఎనిమిదేళ్ళు.

ఫ్యాక్టరీని కొన్నవాళ్ళు యంత్రాలను తూకానికి అమ్ముకున్నారు. నమూనాల గదిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నూటయాభై ఏళ్ళుగా అక్కడ తయారైన ప్రతి రకం వస్తువులోనూ ఒక్కొక్కటి దాచిపెట్టిన గది అది. పని పోయినవాళ్ళు పదకొండుమంది సంఘంగా ఏర్పడి, ఆ గాజంతా చెత్తలో కలవకుండా కాపాడారు. మునిసిపాలిటీ నుంచి పాత షెడ్డు ఒకటి నామమాత్రపు అద్దెకు తీసుకుని మ్యూజియం తెరిచారు. లాభం ఎవరూ తీసుకోకూడదు, వచ్చిందంతా మ్యూజియానికే పెట్టాలి అన్నది సంఘం మొదటి నియమం. కోశాధికారి ఎవరన్న మాట వచ్చేసరికి అందరూ బ్లజెనా వైపు చూశారు. ఫ్యాక్టరీలో కాఫీ డబ్బుల డబ్బా ఆమె దగ్గరున్నన్నాళ్ళూ ఒక్క కొరునా తేడా రాలేదు మరి.

ఇరవై ఆరేళ్ళు ఆ పని చేసింది. టికెట్ల మీద వచ్చేది చలికాలం పొయ్యి ఖర్చుకు కూడా చాలేది కాదు. మునిసిపాలిటీ కొంత, ప్రాంతీయ ప్రభుత్వం కొంత ఇచ్చేవి. మిగతాది వేసవిలో సరిహద్దు దాటి వచ్చే జర్మన్లు, పోలండువాళ్ళు కొనే గాజు గుండీల మీదా, క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు బంతుల మీదా రావాలి. దరఖాస్తులో తియ్యటి మాటలన్నీ సంఘం అధ్యక్షుడు కలౌస్ మాస్టారు రాసేవాడు, అంకెలు బ్లజెనా రాసేది. గ్రాంటు కోసం ఊళ్ళో బస్సెక్కి ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తే, రొట్టె మీద పందికొవ్వు రాసుకుని ఇంటినుంచే తీసుకెళ్ళేది తప్ప సంఘం డబ్బుతో టీ కూడా తాగేది కాదు. అతిథులకిచ్చిన కాఫీలో మాస్టారు తానూ ఒక కప్పు తాగితే, ఆయన దగ్గర కూడా డబ్బు వసూలు చేసిందని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆమె ముందు తుమ్మినా రసీదు అడుగుతుందని మాస్టారు నవ్వేవాడు.

రదానా ఆ టికెట్ల బల్ల కింద కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ పెరిగింది. గాజు బడిలో చదివి, ప్రాగ్‌కు వెళ్ళి, కరిగిన గాజును అచ్చుల్లో పోసి శిల్పాలు చేయడంలో పేరు తెచ్చుకుంది. ముప్పై ఏళ్ళు దాటాక సొంతూరికి తిరిగివచ్చింది. అప్పటికి మ్యూజియానికి గ్రాంటు మీద పెద్ద కరెంటు కొలిమి ఒకటి వచ్చింది. దాన్ని కళాకారులకు అద్దెకిచ్చేవారు. కన్నకూతురికి కూడా బ్లజెనా పూర్తి అద్దే రాసింది. కొలిమి చూసుకునే వోయ్‌మీర్, ఫ్యాక్టరీ నాటి తోటివాడు, ఈ ఒక్కదానికైనా కాస్త తగ్గించరాదా అంటే, "నా కూతురని తగ్గిస్తే, రేపు వచ్చే ప్రతివాళ్ళూ ఎవరో ఒకరి కూతురే" అంది.

ఫ్యాక్టరీ పాత భవనాన్ని కూల్చేటప్పుడు రదానా పెద్ద గుమ్మం రాతి గడపను అడిగి తెచ్చుకుంది. నూటయాభై ఏళ్ళ రాకపోకలకు ఆ రాయి నడుమ అరిగి, దోసిలిలా గుంటపడి ఉంది. దానికి అచ్చు తీసి, ఫ్యాక్టరీ వెనక దిబ్బలో పూడిపోయిన గాజు పెంకులను తవ్వి తెచ్చి, కడిగి, కరిగించి గాజు గడప పోయాలని ఆమె ఆలోచన. నూట ఎనభై కిలోల గాజు. అచ్చు తయారైన రోజున తల్లిని పిలిచి చూపించింది.

"ఈ గుంటలో నీ కాళ్ళు కూడా ఉన్నాయమ్మా. నాన్నవి కూడా."

బ్లజెనా వంగి ఆ గుంటను చేత్తో తడిమింది. కానీ నోటినుంచి వచ్చిన మాట వేరు. "బాగుంది. కొలిమి ఎన్ని వారాలు కావాలి?"

తొమ్మిది వారాలు. అంత మందం గాజు కరగడానికి రోజులు చాలు, చల్లారడానికే దాదాపు రెండు నెలలు పడుతుంది. లోపలి వేడీ పైవేడీ ఒక్కతీరుగా దిగాలి. తొందరపెడితే ఆ తొందర గాజు లోపలే బిగుసుకుని కూర్చుంటుంది. పైకి ఏమీ కనబడదు.

ఆ చలికాలంలోనే కరెంటు ధర మూడింతలైంది. రావలసిన గ్రాంటు రెండో విడత రాలేదు. టికెట్లిచ్చే ఆవిడకూ వోయ్‌మీర్‌కూ జీతాలివ్వాలి. కొలిమి అద్దె ముందే పాత ధరకు కుదిరిపోయింది. ఆరో వారంలో ఒక మధ్యాహ్నం బ్లజెనా కొలిమి గదిలోకి వెళ్ళి, మిగతా చల్లార్పును కుదించి వారంలో ముగించమంది. వోయ్‌మీర్ ఒప్పుకోలేదు. పెద్ద వేడి దిగిపోయింది కదా, ఫ్యాక్టరీలో మనం ఇంతంత మర్యాదలు చేసేవాళ్ళమా అని ఆమె వాదించింది.

"అవి పూలజాడీలు బ్లజెనా. ఇది గడప," అన్నాడు వోయ్‌మీర్. "పిల్లకు ఒకమాట చెప్పు."

"చెబితే తన జేబులోంచి కడతానంటుంది. దాని దగ్గర మాత్రం ఏముంది? నువ్వు తిప్పు."

అతను మీట తిప్పాడు. రెండు వారాల కరెంటు, పంతొమ్మిది వేల కొరునాలు మిగిలాయి. ప్రాగ్‌లో వేరే పని మీదున్న రదానా తిరిగొచ్చేసరికి గడప చెక్కుచెదరకుండా బయట ఉంది. తొమ్మిది వారాలూ నిండాకే వచ్చింది కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు.

మార్చిలో ప్రదర్శన పెట్టారు. నాచురంగు గాజు కింద దీపం వెలిగిస్తే ఆ అరిగిన గుంటలో నీళ్ళు నిలిచినట్టు మెరిసేది. ముసలి కార్మికులు వచ్చి దాని ముందు టోపీలు చేత పట్టుకుని నిలబడ్డారు. పన్నెండో రోజున, గదిలో ఎవరూ లేనప్పుడు, పెద్ద కర్ర విరిగినట్టు చప్పుడైంది. బ్లజెనా పరుగెత్తుకెళ్ళేసరికి గుంట మధ్యలోంచి ఈ చివరికీ ఆ చివరికీ చీలిక పాకి ఉంది.

రదానా ఏడవలేదు. కొలిమి వేడి రికార్డు కాగితం తెప్పించుకుని చదివింది. టికెట్ల బల్ల దగ్గర కూర్చున్న తల్లి ముందు దాన్ని పరిచింది.

"నువ్వే కదూ?"

"జీతాలివ్వాలి రదానా. మ్యూజియం మూతపడేది."

"నన్ను అడగాల్సింది."

"నీ దగ్గర లేవని..."

"అమ్మా, నన్ను అడగాల్సింది," అని మళ్ళీ అదే మాట అని కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ప్రాగ్‌కు మకాం మార్చింది. కొన్నాళ్ళకు సంఘం పేరిట ఒక కాగితం పోస్టులో వచ్చింది. గడపను సంఘానికి దానం చేస్తున్నాననీ, దాన్ని ఉంచుకుంటారో అమ్ముకుంటారో వాళ్ళ ఇష్టమనీ రాసి సంతకం పెట్టింది. తల్లికి విడిగా ఒక్క ముక్క కూడా లేదు. క్రిస్మస్‌కు మాత్రం వచ్చింది. ఇద్దరూ కలిసి చేప వేయించుకున్నారు, బంగాళాదుంపల సలాడ్ తిన్నారు, వాతావరణం గురించీ పక్కింటివాళ్ళ కుక్క గురించీ మాట్లాడుకున్నారు. గడప మాట ఎత్తుదామని బ్లజెనా మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ కూతురు లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు తల్లి వేళ్ళు రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వెచ్చచేసి, ఈసారి చలికి మంచి తొడుగులు కొనుక్కోమంది. అంతే.

ఏప్రిల్‌లో స్టూడియోలో పని చేస్తూ చేస్తూ రదానా కింద పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ముప్పై నాలుగేళ్ళు. బ్లజెనా ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

అంత్యక్రియలయ్యాక సోమవారం ఆమె ఎప్పటిలాగే మ్యూజియానికి వచ్చి లెక్కల పుస్తకం తెరిచింది. ఏంచేయాలో తెలియక తెరిచింది. మాస్టారు ఇంటికి పొమ్మన్నాడు. ఇంట్లో ఎవరున్నారని వెళ్ళను అని ఆమె అడిగితే ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

చనిపోయాక రదానా పేరు పెరిగింది. శరదృతువులో స్విట్జర్లాండు నుంచి గాజుకళ సేకరించే ఒకాయన ఉత్తరం రాశాడు. చీలికతో సహా గడప కావాలి, పద్నాలుగు లక్షల కొరునాలు ఇస్తానన్నాడు. మ్యూజియానికి అప్పుడు ఊపిరాడటం లేదు. కప్పు కారుతోంది, గదులు వెచ్చబెట్టే ఖర్చు దిగిరాలేదు. టికెట్ల గదిలోనే సమావేశం పెట్టారు. పదకొండుమందిలో మిగిలింది ఆరుగురు.

బ్లజెనా ఎప్పటిలాగే అంకెలు చదివింది. గడపను అమ్మితే మూడు చలికాలాలు గడుస్తాయి. అమ్మకపోతే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మ్యూజియం మూసెయ్యాలి, కొలిమి అమ్మెయ్యాలి, జీతం మీద ఉన్న ఇద్దరినీ పంపెయ్యాలి. చదివి కళ్ళద్దాలు తీసింది. నిర్ణయం ఆమెదేనని, ఆమె ఎలా అంటే అలాగేనని మాస్టారు మెల్లగా అన్నాడు.

"నాది కాదు మాస్టారూ, సంఘానిది. లెక్క ప్రకారం అమ్మాల్సిందే," అంది. "ఆ లెక్కే ఒకసారి చూసి దాన్ని పగలగొట్టాను. ఇప్పుడు అమ్మమని నా చెయ్యి లేవదు. మీరెత్తండి, నేనేమీ అనుకోను."

అమ్మకపోతే ముందు పోయేది వోయ్‌మీర్ ఉద్యోగం. యాభై తొమ్మిదేళ్ళవాడు, పింఛనుకు ఇంకా చాలా ఏళ్ళుంది. అందరి చూపులూ అతని మీద పడ్డాయి. అతను మోకాళ్ళ మీద పెట్టుకున్న తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మీట తిప్పింది ఈ చెయ్యి. కాదని ఇంటికి పోయుండొచ్చు, పోలేదు," అన్నాడు. "దాన్ని అమ్మి నాకు జీతమిస్తే నేను తినలేను. ఉండనివ్వండి."

అమ్మడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమని మాస్టారు అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

కొలిమిని ఎవరో కొనుక్కుపోయారు. వోయ్‌మీర్ జర్మనీ వైపు ఒక గిడ్డంగిలో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. మొదట్లో బ్లజెనా గసగసాల రొట్టె చేసి అతని ఇంటికి పట్టుకెళ్ళింది. అతని భార్య గుమ్మంలోనే అందుకుని, మంచిదండీ అని తలుపు వేసింది. ఆ తలుపు మాటున ఉన్న కోపం న్యాయమైనదేనని బ్లజెనాకు తెలుసు. ఒకసారి అంకెల మాట విని కూతురిని పోగొట్టుకుంది, ఇంకోసారి వినకుండా మరొకరి ఇంటి పొయ్యి ఆర్పింది. ఏది తప్పో ఏది ఒప్పో చెప్పమంటే ఇప్పటికీ ఆమె వల్ల కాదు.

ఆ వసంతంలో కోశాధికారి పదవి వదిలేసింది. పుస్తకం మాస్టారి చేతికి వెళ్ళింది. ఆయన కూడికల్లో తప్పులు పోతుంటే పక్కనే కూర్చుని చూస్తూ కూడా ఊరుకుంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా జీతం లేకుండా టికెట్లిస్తుంది. చలికాలంలో వారానికోసారి తాళం తీసి లోపలికెళ్ళి, చీలిక ఇంకా పాకిందేమోనని కొవ్వొత్తి పట్టుకుని చూసి వస్తుంది.

చూడవచ్చినవాళ్ళు దాని దగ్గర తప్పకుండా ఆగుతారు. మొదటి వేసవంతా ఎవరడిగినా చల్లారేటప్పుడు పగిలిందని చెప్పి ఊరుకుంది. మొన్న ఆగస్టులో పోలండు నుంచి వచ్చిన ఒకావిడ, కళ కోసమని కావాలనే ఇలా పగలగొట్టారా అని మర్యాదగా అడిగింది.

"కాదండీ," అంది బ్లజెనా. "చేసింది నా కూతురు. కరెంటు ఖర్చు దండగని కొలిమిని తొందరగా చల్లార్పించింది నేను. దానికి చెప్పకుండా."

ఆవిడ ఆ మాటల్ని భర్తకు తమ భాషలో చెప్పింది. అమ్మాయి ఇప్పుడెక్కడుంటుందని ఆయన అడిగాడు. బ్లజెనా లేదని తల అడ్డంగా ఊపింది. అంతలో తలుపు తోసుకుని మరో నలుగురు లోపలికి రావడంతో, టికెట్లు చింపడానికి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.