చెల్లె పథ్యం

ఈ పొద్దున ఖమ్మంలో మా మిద్దె మీది పూలకుండీలోంచి నేల ఉసిరి మొక్క పీకాను. వేళ్లకంటిన ఆ పచ్చి చేదు వాసన సబ్బుతో రుద్దినా పోలేదు. ఆ వాసనంటే నాకు భయం.

దమ్మపేట అవతల, అడవిని ఆనుకున్న మా ఊళ్లో తొలకరి పడి వాగులోకి ఎర్రనీళ్లు దిగగానే ఎవరో ఒకరి కళ్లు పచ్చబడేవి, వాళ్లంతా మా నాయనమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె పొద్దు పొడవకముందే ఎవరితోనూ పలకకుండా వెళ్లి ఆ మొక్కను వేళ్లతో సహా తెచ్చి, కల్వంలో నూరి, మేకపాలల్లో కలిపి మూడు పొద్దులు పరగడుపున తాగించేది. ఎవరైనా కోడినో చీరనో తెస్తే కసిరి పంపేది. పుచ్చుకుంటే చేతిలో గుణం పోతుందని ఆమె నమ్మకం. మందు తాగినవాళ్లు మాత్రం పథ్యంగా ఉప్పు, కారం, నూనె ముట్టకూడదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చెల్లె సుగుణకు పసిరికలై కళ్లు పచ్చబడితే, నాయనమ్మ అదే మందు మొదలుపెట్టింది. మూడో రోజు పక్కింట్లో మక్కగారెలు వేయిస్తుంటే వాసన గోడ దాటి వచ్చింది. "అక్కా, ఒక్కటే... నాయనమ్మకు చెప్పనే" అని నా లంగా పట్టుకుని ఏడ్చింది. నా మనసు ఆగలేదు. గారెను లంగా మడతలో దాచి తెచ్చి, ఊది ఊది దాని నోట్లో పెట్టాను. అన్నాళ్లకు చెల్లె నవ్వింది.

మర్నాటికి వాంతులు, మాట తడబాటు. నాన్న దవాఖానాకు పోదామన్నాడు. "ఇంకో పూట చూడు కొడుకా, నా చెయ్యి తప్పదు" అంది నాయనమ్మ. ఆ పూట దాటాక ఆటోలో కొత్తగూడెం తీసుకెళ్తుంటే, చండ్రుగొండ రాకముందే సుగుణ పోయింది.

"పిల్లకు ఏమన్న పెట్టిండ్రా? నిజం చెప్పుండ్రి" అని నాయనమ్మ అందరినీ అడిగింది. చివరికి నా వంక చూసింది.

"లేదు నాయనమ్మా."

"అయితే నా చెయ్యే సచ్చిపోయింది" అని కల్వం తీసుకెళ్లి వాగులో పడేసింది. మళ్లీ ఎవరికీ మందు ఇవ్వలేదు. చెల్లె వదిలిన పథ్యం తాను పట్టింది.

ఒక్క గారెకు ప్రాణం పోదని, ఆలస్యమే ముంచిందని ఎన్నో ఏళ్లకు ఒక డాక్టరు చెప్పాడు. అప్పటికి నాయనమ్మ లేదు. ఇప్పుడు ఆ వాగూ ఎండిపోయింది, ఆ మందు అడిగేవాళ్లూ లేరు. ఆమె పోయేదాకా రోజూ ఉప్పులేని అన్నం మింగుతుంటే, ఎదురుగా కూర్చుని నేను కారం కలుపుకుని తిన్నాను.