జర్మనీ మీద వేసిన తప్పు

2016 జూన్‌లో నేను శృంగవరపుకోట నుంచి బదిలీ అయి, పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా చేరాను. ఉద్యోగం ఇంకా మూడేళ్ళు మిగిలి ఉంది. విజయనగరం టౌన్లో పుట్టి పెరిగినవాణ్ణి, చరిత్రలో ఎం.ఏ. చేసినవాణ్ణి; ఈ జిల్లాలో నాకు తెలియని తెలుగు మాట ఉండదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎలా వదిలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో పదో తరగతి సోషల్‌కు రెండు పేపర్లుండేవి. మొదటిది భూగోళం, అర్థశాస్త్రం. రెండోది చరిత్ర, పౌరశాస్త్రం. ప్రపంచ యుద్ధాలు, రష్యా విప్లవం, ఆర్థిక మాంద్యం అన్నీ ఈ రెండో దాంట్లోనే వచ్చేవి. విజయనగరం కూడా ఏడాదికోసారి చూసే పిల్లలు పెట్రోగ్రాడ్ వీధుల్లో ఏం జరిగిందో నాలుగు మార్కులకు రాయాలి.

పైనుంచి ప్రతి ఏడూ నూరు శాతం ఫలితాలు రావాలని ఉత్తర్వు వచ్చేది. దానికో ప్రణాళిక. పిల్లల్ని ఎ, బి, సి, డి అని నాలుగు గ్రేడులు చేసి, డి గ్రేడు వాళ్ళను టీచర్లకు దత్తత ఇచ్చేవారు. దత్తత అంటే హోమాలూ అక్షింతలూ ఉండవు, రిజిస్టర్లో ఒక సంతకం. పిల్ల పాసయితే ఘనత ప్రణాళికది, పరీక్ష తప్పితే మెమో దత్తత తండ్రిది. మెమో అంటే మా శాఖలో సంజాయిషీ అడిగే కాగితం. ఆ విధంగా నాకు ఆ ఏడాది నలుగురు సంతానం కలిగారు. వాళ్ళలో ఒకతె నూకరత్నం.

నూకరత్నం తండ్రి తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు, తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. పది పాసయితే విజయనగరంలో హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివిస్తామనీ, తప్పితే మర్నాడే రొయ్యల కంపెనీలో తలకాయలు తీసే పనికి పంపుతామనీ ఇంట్లో ఖాయం చేసేశారు. ఆ పిల్లకు అన్ని సబ్జెక్టులూ అంతంతమాత్రంగానైనా వచ్చేవి, ఒక్క సోషల్ తప్ప. అంటే ఆమె రొయ్యల కంపెనీకి వెళ్ళడమా మానడమా అన్నది నా సబ్జెక్టు మీద ఆధారపడి ఉంది.

డి గ్రేడు వాళ్ళ కోసం జిల్లాలో 'మినిమమ్ మెటీరియల్' అని ఒక పుస్తకం తయారు చేశారు. పుస్తకమంతా చదవలేని వాళ్ళు ఇది బట్టీ పడితే చాలన్నమాట. దాన్ని రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. వర్సయిల్స్ సంధి మీద జవాబు నాదే. 'మొదటి ప్రపంచ యుద్ధానంతరం విజేత దేశాలు జర్మనీపై అవమానకరమైన షరతులను, భరింపశక్యంగాని యుద్ధ నష్టపరిహారాన్ని విధించి, తద్వారా రెండవ ప్రపంచ యుద్ధానికి బీజాలు నాటినవి.' చదువు రాని పిల్లల కోసం నేను సులభంగా రాసిన వాక్యం అది. కమిటీలో అందరూ మెచ్చుకున్నారు.

నూకరత్నం ఈ వాక్యాన్ని రోజూ పొద్దున్న ఎనిమిదింటి స్టడీ అవర్లో చదివేది. 'అవమానకరమైన' దాకా వచ్చి ఆగిపోయేది. మర్నాడు మళ్ళీ మొదలు. జర్మనీ నెలన్నర పాటు ఆ మాట దగ్గరే నిలబడిపోయింది.

ఫిబ్రవరిలో స్లిప్ టెస్ట్ పెట్టాను. ఇది చిన్న పరీక్షే గాని, దీని మార్కులు ఇంటర్నల్స్ కింద రిజిస్టర్లోకి ఎక్కి పబ్లిక్ పరీక్ష మార్కులకు కలుస్తాయి. వర్సయిల్స్ సంధి రెండో యుద్ధానికి ఎలా కారణమైందని అడిగాను. నూకరత్నం మెటీరియల్ పక్కనపెట్టి సొంతంగా రాసింది.

'జర్మనీ ఓడిపోనాది. నెగ్గినోల్లు కూకోని దానిమీద తప్పేసినారు. కట్టలేనంత తప్పేసినారు. కట్టలేనోడు ఊరుకోడు. మల్లీ దెబ్బలాటకి ఒచ్చినాడు.'

భాష చూసి ఒళ్ళు మండింది. జర్మనీ మీద తప్పు వేయడమేమిటి, నింద వేశారని కాబోలు, అదీ సరిగా రాయలేదనుకున్నాను. నిలువుగా ఒక ఎర్ర గీత గీసి, పక్కన 'తప్పు' అని రాసి సున్నా వేశాను. నాలుగుకు సున్నా రిజిస్టర్లోకి కూడా ఎక్కించాను. కాగితం చేతికిచ్చాక ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తప్పనే కద సారూ నేనూ రాసినాను" అంది.

క్లాసంతా గొల్లుమంది. నేను వెటకారం అనుకున్నాను. మెటీరియల్లో జవాబు పదిసార్లు రాసుకురమ్మన్నాను. రాసుకొచ్చింది. పదిసార్లూ 'భరింపశక్యంగాని' ఒక్కోరకంగా ఉంది.

ప్రణాళికలో దత్తత పిల్లల ఇళ్ళకు సాయంత్రాలు వెళ్ళి, చదువుతున్నారో లేదో చూసి, తల్లిదండ్రుల సంతకం తేవాలని ఒక అంశం ఉండేది. చదువు చూడ్డానికి కాదు, సంతకం కోసం వెళ్ళేవాళ్ళం. ఆ వారం నేను నూకరత్నం ఇంటికి వెళ్ళాను. తల్లి అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తండ్రి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వేటవేళ కదా, మనిషి ఇంట్లో ఉన్నాడేమిటని మర్యాదకు అడిగాను.

"ఏటి సెప్పమంటారు సారూ" అంది ఆమె. "అమ్మోరి పండగనాడు ఏటకెల్లినాడని పెద్దలు మాకు తప్పేసినారు. మాకాడ అంత లేదు. కట్టీదాకా మా తెప్పకి ఎవులూ సెయ్యెయ్యరు. ఒక్కడూ సంద్రంలోకి ఎలాగ తోస్తాడు? ఇలాగే ఉంటే ఎవుడిమీదికో దెబ్బలాటకి పోతాడని బయంగా ఉన్నాది."

నూకరత్నం రాసిన తప్పు ఇదే. తప్పంటే నింద కాదు. పెద్దలు కూర్చుని వేసే జరిమానా. నేను మూడు పంక్తుల్లో గుదిగుచ్చిన నష్టపరిహారాన్ని ఆ పిల్ల రెండక్షరాల్లో రాసింది. నేను బీజాలు నాటినవన్న చోట, ఆమె రోజూ ఇంట్లో చూస్తున్నది రాసింది. వర్సయిల్స్ సంధి మా స్కూల్లో ఒక్కరికే అర్థమైంది, ఆ ఒక్కరికే నేను సున్నా వేశాను. సిగ్గేసింది. సంతకం తీసుకోవడం కూడా మరిచిపోయి వచ్చేశాను.

మర్నాడు క్లాసులో నా పొరపాటు ఒప్పుకున్నాను. రిజిస్టరు తెప్పించి సున్నా కొట్టేసి నాలుగు వేసి, పక్కన సంతకం పెట్టాను. పిల్లలు ఎంతో శ్రద్ధగా చూశారు. రష్యా విప్లవం చెప్పిన రోజున కూడా అంత శ్రద్ధ లేదు.

అయితే పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దేది నేను కాదు. అవి మూటలు కట్టుకుని వేరే జిల్లాకు పోతాయి. అక్కడ స్పాట్ వాల్యుయేషన్లో టీచర్లు వరుసగా కూర్చుని, చేతిలో ఉన్న కీ ప్రకారం చకచకా దిద్దుతారు. అక్కడా ఒక నాలాంటివాడే ఉంటాడు. అందుకని మెటీరియల్ మూసేసి, ఆ నలుగురినీ వాళ్ళ మాటల్లోనే జవాబులు చెప్పమన్నాను. చెప్పాక ఒక్కో జవాబులో ఒకటి రెండు మాటలే మార్చాను. తప్పు అన్నచోట నష్టపరిహారం, ఒక జట్టువాళ్ళు అన్నచోట కూటమి, పెద్దల కూడిక అన్నచోట సమావేశం. మిగతాదంతా వాళ్ళదే. నెలన్నరగా కదలని జర్మనీ నాలుగు రోజుల్లో రెండో యుద్ధం కూడా ముగించింది.

ఈలోగా తనిఖీకి ఒక అధికారి వచ్చారు. జవాబు నూకరత్నంతో చెప్పించాను. ఆయన విని, ఇది మెటీరియల్లో ఏ పేజీలో ఉందని అడిగారు. లేదన్నాను. తర్వాత రిజిస్టరు తిరగేసి, కొట్టివేత దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. రిజిస్టర్లో వేసిన మార్కు దిద్దాలంటే హెడ్మాస్టరు ధ్రువీకరణ ఉండాలి. ఆ వేసవిలోనే రిటైరవుతున్న మా హెడ్మాస్టరు, పెన్షను కాగితాలు కదిలేదాకా తాను దేని మీదా సంతకం పెట్టనని ముందే చెప్పేశారు. వారంలో నాకు మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. విద్యార్థిని జవాబు సరైనదేననీ, దిద్దిన ఉపాధ్యాయుడికి తెలుగు రానందువల్ల పొరపాటు జరిగిందనీ రాసిచ్చాను. ఇకపై జాగ్రత్త వహించవలసిందిగా హెచ్చరిస్తూ ఫైలు మూసేశారు. ఎందులో జాగ్రత్త వహించాలో అందులో లేదు.

మార్చిలో పరీక్షలయ్యాయి. మేలో ఫలితాలొచ్చాయి. నూకరత్నం సోషల్లో గట్టున పడింది, అన్నీ పాసయింది. మెటీరియల్ సత్ఫలితాలనిచ్చిందని మీటింగులో కమిటీ సభ్యులకు ప్రశంసాపత్రాలిచ్చారు. ఒకటి నాకూ వచ్చింది. బీరువాలో మెమో పక్కనే ఉంది.

జూన్‌లో ఆ పిల్ల మార్కుల మెమో తీసుకోడానికి తల్లితో వచ్చింది. ఇంటర్‌కు హాస్టల్లో సీటు దొరికిందట. పెద్దలు మళ్ళీ కూర్చుని తప్పు సగానికి తగ్గించారనీ, మిగతాది విడతలుగా కట్టుకోమన్నారనీ, తెప్పను పదిమందీ కలిసి సముద్రంలోకి తోశారనీ తల్లి చెప్పింది. వర్సయిల్స్‌లో కూర్చున్న పెద్దలకు ఈపాటి తెలివి లేకపోయింది. ఆ సంగతి నా మెటీరియల్లో లేదు.

వెళ్ళబోతూ నూకరత్నం ఆగింది. "మీకూ మెమో ఇచ్చినారంట కద సారూ. దేనికి?"

"నీ సున్నా దిద్దినందుకు."

"అయితే మీకూ తప్పేసినారు. కట్టీసినారా?"

కట్టేశానన్నాను.

ఆ తర్వాత రెండేళ్ళు స్పాట్‌కు వెళ్ళాను. రెండేళ్ళూ నా పేపర్ల కట్టే అందరికన్నా ఆఖరున తేలుతోందనీ, చేతి వేగం తగ్గిందనీ చీఫ్ ఎగ్జామినర్ విసుక్కున్నారు. తగ్గిన మాట నిజమే. నాకు తెలియని మాట వేరు, తప్పు మాట వేరు. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు దాటాక ఒక డి గ్రేడు పిల్ల వల్ల నాకిది తెలిసింది. దాన్ని తెలుసుకోడానికి నేను కట్టిన తప్పు తక్కువే. నాకు తెలియక ముందు, ఆ ముప్పై ఏళ్ళూ నేను సున్నాలు వేసిన పిల్లలు ఎంత కట్టారో ఏ రిజిస్టర్లోనూ లేదు.