సంకటికి ఆగని పొయ్యి

12 సెప్టెంబర్ 2008, కోవిల్‌పట్టి. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

విదేశీ ఫ్యాక్టరీలు తమ పొగ మానకుండా, డబ్బిచ్చి మన వంటింటి పొగ తగ్గించి, దాన్ని తమ లెక్కలో రాసుకునే పథకమట. దాని మనిషి ఈ రోజు వచ్చి, పక్కింటి మారియమ్మ మట్టిపొయ్యి పగలగొట్టించి, కొత్త ఇనుపపొయ్యి పక్కన ఆమెను నిలబెట్టి ఫోటో తీశాడు. సజ్జసంకటిని తెడ్డుతో గట్టిగా కెలకాలి కదా. అతని ముందే ఆమె అలా కెలకగానే పొయ్యి ఒరిగి, పిల్లల రాత్రి తిండి నేలపాలైంది.

"సంకటి ఎందుకవ్వా? అన్నం వండుకోమనండి" అన్నాడు ఆ పథకం మనిషి నాతో.

"పొగ వాళ్ళది, తిండి మార్చుకోవలసింది మేమా? తెడ్డు పట్టు నాయనా, నువ్వే కెలికి చూపించు" అన్నాను. బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇది చదువుతున్న మీ ఊళ్ళోనూ ఇంతేనా?

ఇక జరగవలసినవి:
1. పగలగొట్టించినవాడే మట్టిపొయ్యి మళ్ళీ వేయించాలి.
2. ఆ ఫోటో చూపి పొగ తగ్గిందని రాసుకోకూడదు.
3. అంతవరకు మారియమ్మ నా మట్టిపొయ్యి మీదే వండుతుంది. ఆ పొగనూ లెక్క రాసుకోనీ.